నంబరు కనపడాలి

కాంగోలో ఏడాది పాటు ఉండి వచ్చిన మనిషి ఫోటోలు చూపిస్తానంటే అడవులో, అగ్నిపర్వతాలో, కనీసం నాలుగు కోతులో ఉంటాయనుకుంటారు. నా దగ్గర ఉన్నవి జనరేటర్లు. ముందు నుంచి జనరేటరు, కుడి నుంచి జనరేటరు, ఎడమ నుంచి, వెనక నుంచి, ఆ తర్వాత దగ్గరగా దాని నంబరు పలక. జనరేటర్లు అయిపోతే నీళ్ళ ట్యాంకర్లు, ట్యాంకర్ల తర్వాత లారీలు, లారీల తర్వాత మా వంటశాలలోని పెద్ద పొయ్యిలు. మరుగుదొడ్లు కూడా ఉన్నాయి, అవీ నాలుగు వైపుల నుంచీ. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఫోటో తీయడమనే విద్య నాకు అబ్బింది వాటి పుణ్యమా అనే.

మాది రాయపూర్‌లో రైల్వే వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. తాత రైల్వే పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న గూడ్సు వ్యాగన్లు మరమ్మతు చేసే కార్ఖానాలో ఫిట్టరు. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో హిందీ, కూరగాయల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ. ఏ భాషలో తిట్టినా అర్థమయ్యేంత చదువు నాకు చిన్నప్పుడే వచ్చేసింది.

మా క్వార్టర్ వెనకాల రైలు పట్టాలు. గూడ్సు బండి చప్పుడు వినపడితే నాన్న తింటున్న కంచం ముందు నుంచి లేచి, ఎంగిలి చేత్తోనే పెరట్లోకి వెళ్ళి నిలబడేవాడు. బాగుపడి బయటికి వెళ్ళే ప్రతి వ్యాగన్ పక్కన అది ఏ కార్ఖానాలో, ఏ రోజు బాగుపడిందో తెల్ల రంగుతో అచ్చు వేస్తారు. నాన్న కళ్ళు ఆ అచ్చు కోసం వెతికేవి. "అదిగో, అది మాది. సూసినావా, అది మాదే," అనేవాడు. పక్కింటాయన తన కొడుకు క్లాసులో ఫస్టు వచ్చాడని చెప్పుకున్నట్టే ఉండేది ఆ గొంతు. నా మార్కుల గురించి అంత సంబరంగా చెప్పుకున్న రోజు మాత్రం నాకు గుర్తు లేదు. చెప్పుకోవడానికి మార్కులుండాలి కదా.

నేను సైన్యంలో చేరి బండ్ల మెకానిక్కునయ్యాను. నాన్న వ్యాగన్లు, నేను లారీలు. "ఇద్దరి బట్టలకీ ఒకటే మురికి. నా సేతులకి మాత్రం రిటైరుమెంటు లేదు," అనేది అమ్మ. ఆ రోజుల్లోనే, అంటే రెండు వేల ఐదో సంవత్సరంలో, మా వాళ్ళని శాంతి దళంగా కాంగో పంపించారు. పెద్ద సరస్సు ఒడ్డున ఒక ఊరు. ఎప్పుడో కొండ పేలి ప్రవహించిన లావా గడ్డకట్టి, నేలంతా బొగ్గులా నల్లగా ఉండేది. ఆ నల్ల నేల మీద మా తెల్ల లారీలు, మా నెత్తిన నీలం టోపీలు. అక్కడి జనం కర్రతో చేసిన, ఇంజను లేని స్కూటర్ల మీద బంగాళదుంపల బస్తాలు వేసుకుని దిగుడులో రయ్యిమని వెళ్తుంటే నేను పని మానేసి చూస్తూ ఉండిపోయేవాణ్ణి. వాటిని ఫోటో తీయాలనే మొదట కెమెరా మీద మోజు పుట్టింది. ఇంటికి తిరిగి వెళ్తున్న వేరే దేశం సైనికుడొకడు తన పాత రీలు కెమెరా అమ్ముతుంటే కొనేశాను. కొన్నాక తెలిసింది, నాకు దాని మూత తీయడం కూడా రాదని.

మా దళంలో ఫోటోలు తీసే ఉద్యోగం ఒక హవల్దారుది. గఢ్వాల్ కొండల మనిషి, ముక్కు మీద కోపం, మీసం కింద నవ్వు. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. మూడు నెలలకొకసారి బయటి నుంచి తనిఖీ వాళ్ళు వచ్చి మా సామాను మొత్తం చూస్తారు. అది ఉందా, పనిచేస్తోందా, చెప్పిన నంబరుదేనా అని. దానికి ముందే ప్రతి వస్తువునూ ఫోటో తీసి ఆల్బమ్‌లో పెట్టి ఉంచాలి. అదీ ఉస్తాద్ పని. నేను కెమెరా పట్టుకుని నేర్పమని వెళ్ళిన రోజున ఆయన ఒక లారీ ముందు నిలబడి, వెలుతురు సరిగ్గా లేదని సూర్యుణ్ణి తిడుతున్నాడు.

"రీలు వేశావా?" అని అడిగాడు.

"వేశాను ఉస్తాద్."

"తీసెయ్."

పదిహేను రోజులు ఖాళీ కెమెరాతో తిరిగాను. గురి చూడ్డం, వెలుతురు కొలవడం, నొక్కడం, ఏం నొక్కానో ఆయనకు నోటితో చెప్పడం. "ఇప్పుడు నువ్వు తీసిన ఫోటోలో ఏమేం ఉన్నాయి?" అని అడిగేవాడు. లారీ ఉంది అంటే, "వెనకాల ఆరేసిన బనియన్లు ఎవడు చూస్తాడు? మీ అమ్మా?" అనేవాడు. బ్యారక్‌లో వాళ్ళంతా నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. రీలు లేని కెమెరా ముందు మా వంటవాడు రోజూ తల దువ్వుకుని మరీ నిలబడేవాడు. పాపం అతనికి సంగతి తెలియదు.

రీలు వేసుకోనిచ్చిన రోజు ఉస్తాద్ నాకు ఒకే ఒక్క సూత్రం చెప్పాడు. "ఆద్మీ బాహర్, నంబర్ అందర్." మనిషి బయట ఉండాలి, నంబరు లోపల ఉండాలి. బండి పక్కన మనిషి నిలబడితే చూసేవాడి కన్ను మనిషి మీదికి పోతుంది, బండిని ఎవడూ చూడడు. తనిఖీ వాళ్ళకి కావలసింది బండి. కనక కెమెరా ఎత్తగానే మొదట చేయవలసిన పని, ఎడమ చెయ్యి ఊపి చుట్టూ ఉన్నవాళ్ళని తప్పుకోమనడం. కొన్నాళ్ళకి నాకు అది ఎంత అలవాటైందంటే, కుడి కన్ను కెమెరాకి ఆనిందంటే చాలు, ఎడమ చెయ్యి దానంతట అదే ఊగేది. ఆకుపచ్చ కొండ మీద మబ్బు దిగుతున్నా సరే, ఎదురుగా మనిషి లేకపోయినా సరే, ఊగేది.

నీడ పడ్డవీ, నంబరు అలుక్కుపోయినవీ ఉస్తాద్ ఎర్ర పెన్నుతో రిజెక్ట్ అని రాసి నా ముందు పడేసేవాడు. రిజెక్టయినవి ఆల్బమ్‌లోకి పోవు, తీసినవాడివే. అవి చాలా పోగయ్యాయి. మా దళంలో ఒకడు సెలవు మీద నాగపూర్ వెళ్తుంటే, కవరులో పెట్టి రాయపూర్‌కి పోస్టు చేయమని ఇచ్చాను. అప్పటికి నేను వెళ్ళి ఆరు నెలలు. వారానికి పది నిముషాలు ఇంటికి ఫోన్ చేసుకోనిచ్చేవారు. మూడు వారాల తర్వాత ఫోన్ ఎత్తగానే అమ్మ అందుకుంది.

"ఏట్రా ఇది? నీ మొకం సూడాలని కళ్ళు కాయలు కాసిపోనాయి నాకు. కవరు సింపి సూస్తే ఈ డబ్బాలేటి? వీటికేటైనా సంబంధాలు సూడమంటావా? ఒక ఫోటోలో మోసెయ్యి ఒకటి కనపడతంది. అదైనా నీదేనా?"

ఆ మోచెయ్యి నాది కాదు, బీహారువాడొకడిది. ఆ మాట చెప్పే ధైర్యం చాలక నాదేనన్నాను. అమ్మ కాస్త మెత్తబడింది.

తర్వాత నాన్న ఫోన్ తీసుకున్నాడు. మా నాన్నకి ఫోన్ అంటే పొదుపు. బాగున్నావా, డ్యూటీ బాగా సెయ్, ఇంద మీ అమ్మ. నాలుగో మాట ఉండేది కాదు. ఆ రోజు మాత్రం గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"ఒరే, ఆ నీళ్ళ బండి ఉంది సూడు. వెనక నుంచి తీసినావు. అందులో ఎడమ సక్రం కాడ కమానీ పట్టా సీలినట్టుంది. పైనుంచి రెండోది. ఎల్లి సూడు."

కమానీ అంటే బండి బరువు మోసే ఇనప పట్టాల కట్ట. వ్యాగన్‌కీ అదే, లారీకీ అదే.

"అది నీడేమో నాన్నా. నీడ పడిందనే అది రిజెక్టయింది."

"నీడేటి, నా మొకం. ముప్పై నాలుగేళ్ళ బట్టి సూస్తన్నాను. నీడకీ సీలికకీ తేడా తెల్దేటి నాకు? భూతద్దం పెట్టి మరీ సూసినాను. నిండా నీళ్ళతో ఎత్తు దిగినప్పుడు ఇరిగిందంటే బండి తిరగబడిపోద్ది."

ఆపైన జనరేటర్ల గురించి అడిగాడు. ఆ బోల్టుకి వాషరు ఎందుకు లేదన్నాడు. లారీ ఇరుసు దగ్గర నూనె మరక ఉందన్నాడు. పది నిముషాలూ అయిపోయి లైను కట్టయ్యే దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మా నాన్న నాతో అంతసేపు మాట్లాడడం అదే మొదటిసారి. ఫోన్ పెట్టేశాక కూడా నేను ఆ బల్ల దగ్గరే నిలబడి ఉన్నాను. వెనక లైన్లో ఉన్నవాడు వీపు మీద ఒకటిచ్చి జరగమన్నాడు.

పొద్దున్నే ఉస్తాద్‌తో చెప్పాను. రాయపూర్‌లో కూర్చున్న మనిషి కాంగోలో బండి జబ్బు చెబుతున్నాడా అని ఆయన నవ్వాడు. నవ్వుతూనే టార్చి తీసుకుని ట్యాంకరు కిందికి దూరాడు. నేనూ దూరాను. మట్టి తుడిచి చూస్తే పైనుంచి రెండో పట్టాకి వెంట్రుక మందాన చీలిక. మూడు వారాలకి పైగా మేమిద్దరం దాని ముందు నుంచే తిరుగుతున్నాం. ఉస్తాద్ బయటికి వచ్చి బట్టలు దులుపుకుని, "మీ బాబుగారికి నా తరఫున సెల్యూట్ చెప్పు," అన్నాడు.

అప్పటి నుంచీ రిజెక్ట్ ఫోటోలకి విలువ వచ్చింది. సెలవు మీద వెళ్ళే ప్రతివాడి చేతా రాయపూర్‌కి ఒక కవరు పంపించడం, ఫోన్‌లో నాన్న తీర్పు చెప్పడం. ఉస్తాద్ పక్కనే నిలబడి, "ఏమంటున్నారు, ఏమంటున్నారు" అని చెవి కొరుకుతుండేవాడు. అమ్మకి మాత్రం ఒళ్ళు మండేది. వారమంతా ఎదురుచూసిన పది నిముషాలూ వాషర్లకీ బోల్టులకీ పోతున్నాయని. ఒకసారి ఫోన్ లాక్కుని, "నా కొడుకుతో నన్ను మాటాడనీ, ఆడేం వ్యాగనా?" అని అరిచింది కూడా.

నా ఏడాది పూర్తి కావస్తుండగా ఒక వారం నాన్న బండ్ల మాట ఎత్తలేదు. తన మాట ఎత్తాడు.

"వచ్చే నెలాఖరుకి నా నౌకరీ అయిపోతాది. అడక్కూడదు గానీ... లోపల నాను పని సేసే కాడ ఒక్క ఫోటో లేదురా. తియ్యకూడదని గేటు కాడ బోర్డే ఉంది. మొన్న పెద్ద సాబుని అడిగినాను. మీ అబ్బాయి ఫౌజీ గాబట్టి ఆఖరి రోజు మాత్రం, పది నిముషాలు అన్నాడు. బండి పక్కన నాను నిలబడతాను. నువ్వు తీస్తే సాలు. అందుతావేటి?"

ముప్పై నాలుగేళ్ళు. ఒక్క ఫోటో లేదు. మా నాన్న నన్ను నోరు తెరిచి ఏదైనా అడగడం కూడా అదే మొదలు. వస్తానన్నాను. రావడం నా చేతిలో ఉందా, విమానం చేతిలో ఉందా, సెలవు కాగితం మీద సంతకం పెట్టే ఆఫీసరు చేతిలో ఉందా అన్నది తర్వాత ఆలోచించాను. ఉస్తాద్ నా తరఫున ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నాడో నాకు తెలియదు గానీ, మొదటి విమానంలో వెళ్ళేవాళ్ళ జాబితాలో నా పేరు వచ్చింది.

ఢిల్లీలో రైలెక్కాను. తెల్లారగట్ల చేరవలసిన బండి రాయపూర్‌కి వచ్చేసరికి పదిన్నర దాటింది. సాబు ఇచ్చిన టైము పదకొండు. స్టేషన్ బయట ఆటోవాడు, "కహాఁ జాబే భైయా?" అని తీరిగ్గా అడిగాడు. ఎక్కడికో చెప్పి, గుట్కా తర్వాత వేసుకోవచ్చు ముందు పద అన్నాను. నా యూనిఫాం చూసి యుద్ధానికి వెళ్తున్నాననుకున్నాడేమో, ఒక్క గుంత కూడా వదలకుండా తోలాడు. కార్ఖానా గేటు దగ్గర అమ్మ నిలబడి ఉంది. ఏడాది తర్వాత చూస్తున్న కొడుకుని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాను.

"సిక్కిపోనావు. ఫస్టు లోపలికి పో, టైమైపోతంది," అని నా సంచీ లాక్కుంది.

షెడ్డులో ఆ రోజు సుత్తుల చప్పుడు ఆగింది. నాన్న సెక్షన్‌లో ఒక ఆనవాయితీ ఉంది. రిటైరయ్యే మనిషి ఆఖరిగా పనిచేసిన వ్యాగన్ మీద తేదీ అచ్చు అతని చేతే వేయిస్తారు. రోజూ ఆ పని చేసే పెయింటరు ఆ పూటకి పక్కకి జరిగి రంగు డబ్బా పట్టుకుంటాడు. ఎర్ర రంగు తడి ఆరని వ్యాగన్, దాని ముందు బంతిపూల దండలు మెడ నిండా వేసుకుని మా నాన్న. ఒక చేత్తో అంకెలు కోసిన రేకు అదిమిపెట్టి, ఒక చేత్తో కుంచె అద్దుతున్నాడు. రేకు తీయగానే తెల్లటి అంకెలు చక్కగా పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న వెనక్కి తిరిగి నన్ను చూశాడు. పలకరించలేదు. దండలు సర్దుకుని, బొత్తాలు సరిచూసుకుని, బండి పక్కన అటెన్షన్‌లో నిలబడ్డాడు.

పది నిముషాలు, ముప్పై ఆరు ఫోటోల రీలు. కెమెరా ఎత్తాను. కుడి కన్ను ఆనింది. అంతే, ఎడమ చెయ్యి ఊగింది. "తప్పుకోండి, తప్పుకోండి, జరా సైడ్!" అని నేను అరవడం నాకే వినిపించింది. జనం పాపం ఒద్దికగా తప్పుకున్నారు. ముందు నుంచి తీశాను, కుడి నుంచి తీశాను, ఎడమ నుంచి, వెనక నుంచి. మోకాళ్ళ మీద కూర్చుని కమానీ తీశాను. నాన్న వేసిన అచ్చు ఇంత దగ్గరగా తీశాను. పైకప్పు రేకుల సందులోంచి ఎండ సరిగ్గా నంబరు మీద పడుతోంది. కాంగోలో ఏడాదంతా అలాంటి వెలుతురు నాకు దొరకలేదు. ఉస్తాద్ చూస్తే నన్ను ముద్దు పెట్టుకునేవాడు. సాబు గడియారం చూసుకునే సమయానికి రీలు అయిపోయింది. నా అంత మొనగాడు లేడనుకుంటూ బయటికి వచ్చాను.

ఆ సాయంత్రం డప్పులతో నాన్నని కాలనీ అంతా ఊరేగించి ఇంటికి తెచ్చారు. జీవితంలో కాలు కదపని మనిషి చేత క్వార్టర్ ముందు రెండు గంతులు కూడా వేయించారు. అమ్మ హారతి పళ్ళెం పట్టుకుని నవ్వలేక చచ్చిపోయింది.

మంచి ల్యాబు శంకర్ నగర్‌లో ఉందంటే మర్నాడే వెళ్ళి రీలు ఇచ్చాను. ఎల్లుండి రమ్మన్నాడు. చెప్పిన రోజున కవరు తీసుకుని, ఇంటికి వెళ్ళే దాకా ఆగలేక అక్కడే నాన్న స్కూటర్ సీటు మీద పరిచి చూసుకున్నాను. వ్యాగన్. వ్యాగన్. వ్యాగన్. నంబరు. అచ్చు. కమానీ. వ్యాగన్. ముప్పై ఆరింటినీ రెండుసార్లు తిరగేశాను. ఒక దానిలో నేల మీద బంతి రేకులు రెండు ఉన్నాయి. ఇంకో దానిలో ఎడమ అంచున నల్ల బూటు కొన ఉంది. అంతకు మించి మా నాన్న లేడు.

కెమెరాలోంచి చూస్తున్నప్పుడు తెలియలేదా అని అడుగుతారు. తెలియలేదు. ఫ్రేములో మనిషి లేకపోతేనే అంతా సరిగ్గా ఉన్నట్టు అనుకునే కన్ను అయిపోయింది నాది. తప్పుకోమని అరిచినప్పుడు అందరితో పాటు మా నాన్న కూడా దండలు పట్టుకుని పక్కకి తప్పుకున్నాడు. అది నేను చూశాను కూడా. చూసి, ఇప్పుడు బాగుంది అనుకున్నాను.

ఇంటి దగ్గర పెయింటరుతో సహా నాన్న స్నేహితులు నలుగురు ఫోటోల కోసమే కూర్చుని ఉన్నారు. అమ్మ మిరపకాయ బజ్జీలు వేస్తోంది. నాన్న భూతద్దం తుడిచి పెట్టుకున్నాడు. దాచి లాభం లేదు, కవరు చేతికిచ్చాను. ఒక్కొక్కటే చూస్తూ, "నంబరు మంచిగా పడ్డాది... కమానీ సూడండ్రా, ఎలా మెరిసిపోతందో..." అంటూ పక్కవాళ్ళకి అందిస్తున్నాడు. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కట్ట మొత్తం చూసింది.

"అన్నీ బావున్నాయి. మనిషేడ్రా?"

నాన్న మళ్ళీ మొదటి నుంచి చూశాడు. ఈసారి నెమ్మదిగా. చూసి, ఫోటోలు సర్ది కవరులో పెట్టి, మంచినీళ్ళు అడిగాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడాది పాటు నేర్చుకున్న విద్య మీద, నా మీద, ఆ కెమెరా మీద అసహ్యం వేసింది. కొట్టినా బాగుండు అనిపించింది.

"నువ్వైనా చెప్పొచ్చు కదా నాన్నా," అన్నాను చివరికి. "నేను మర్చిపోతే నువ్వు అక్కడే నిలబడి ఉండాల్సింది."

"నువ్వే గదేటి తప్పుకోమన్నావు," అన్నాడు నాన్న. "ఫోటో తీసేవోడి మాట ఇనాల గదా."

ముందు నవ్విందెవరో గుర్తు లేదు, పెయింటరనుకుంటాను. తర్వాత అందరూ నవ్వారు, నాన్న కూడా నవ్వాడు. కానీ నాన్న నవ్వు అందరికన్నా ముందు ఆగిపోవడం నేను చూశాను. మళ్ళీ లోపలికి వెళ్ళే దారి లేదు. గేటు పాసు ఆఖరి రోజునే అప్పగించేశాడు. సాబు ఇచ్చింది ఆ పది నిముషాలే.

నా సెలవు ఇంకా నాలుగు రోజులుందనగా పెయింటరు వచ్చి పెరటి గోడ మీంచి కేక వేశాడు. నాన్న వ్యాగన్‌తో పాటు మరికొన్ని బయటికి వెళ్తున్నాయట, మర్నాడు పొద్దున్న, మా క్వార్టర్ల వెనక పట్టాల మీది నుంచే. పొద్దున్న లేచి చూస్తే, అమ్మ ఉతికి మడతపెట్టి పెట్టె అడుగున దాచేసిన పని బట్టలు తీసి వేసుకుని, నాన్న పెరట్లో కంచె దగ్గర నిలబడి ఉన్నాడు. నేను కెమెరా తెచ్చి పది అడుగుల దూరంలో నిలబడ్డాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. అమ్మ టీ తెచ్చింది, అది చల్లారిపోయింది.

చిన్న ఇంజను వ్యాగన్లని నెమ్మదిగా లాక్కుంటూ వచ్చింది. అన్నిటికీ ఒకటే ఎరుపు, నాకు ఏదీ గుర్తు పట్టడానికి లేదు. నంబర్ల కోసం కళ్ళు చికిలించి చూస్తున్నాను. నాన్నకి నంబరు అక్కర్లేకపోయింది. "అదిగో! అయిదోది! అదే!" అని కంచె వెంట నడవడం మొదలుపెట్టాడు. నడక కాస్తా పరుగయింది. అరవై ఏళ్ళ మనిషి, కాళ్ళకి చెప్పులు కూడా లేవు. వ్యాగన్‌తో సమానంగా వెళ్తూ చెయ్యెత్తి అరుస్తున్నాడు.

"ఎల్లిరా! జాగర్తగా ఎల్లిరా!"

కెమెరా ఎత్తాను. కుడి కన్ను ఆనింది. ఎడమ చెయ్యి ఊగబోయింది. దాన్ని లాక్కొచ్చి లెన్సు గొట్టం కింద గట్టిగా ఆనించి నొక్కాను.

ఆ ఫోటోలో వ్యాగన్ కదిలిపోయి ఎర్రటి చార అయిపోయింది. నంబరు ఎంత వెతికినా కనపడదు. అచ్చు ఉన్న చోట తెల్లటి గీత ఉంది, అంతే. మధ్యలో మా నాన్న, నోరంతా తెరిచి, చెయ్యెత్తి, ఒక కాలు గాలిలో. కాపీ ఒకటి ఉస్తాద్‌కి పంపించాను. జవాబు ఎర్ర పెన్నుతో వచ్చింది. "బండి కదులుతోంది. నంబరు చదవడానికి లేదు. ఫ్రేములో మనిషి ఉన్నాడు. రిజెక్ట్. రిజెక్టయినవి తీసినవాడివే గానీ, ఇది మాత్రం నేను ఉంచుకుంటున్నాను."

ఆ తర్వాత చాలా ఏళ్ళు సైన్యంలోనే ఉన్నాను. బయటికి వచ్చాక రాయపూర్‌లోనే పెళ్ళిళ్ళకీ, ఫంక్షన్లకీ ఫోటోలు తీస్తున్నాను. ఇప్పుడు నా ఎడమ చెయ్యి ఊగుతుంది గానీ, అది జనాన్ని దగ్గరికి రమ్మనడానికి. నాన్న రిటైరయ్యాక కట్టుకున్న ఇంటి ముందు గదిలో షెడ్డులో తీసినదొకటి, పెరట్లో తీసినదొకటి, రెండు ఫోటోలూ పక్కపక్కన వేలాడుతున్నాయి. ఎవరైనా వస్తే అమ్మ రెండోది చూపిస్తుంది. నాన్నకి మాత్రం దాని మీద ఇప్పటికీ చిన్న అసంతృప్తి. నంబరు కనపడలేదు కదా అంటాడు. ఆయన చూపించేది మొదటిది, అంచున బూటు కొన ఉన్నది. బండి వివరాలన్నీ చెప్పి, ఆఖరున ఫ్రేముకి ఎడమ పక్కన ఖాళీ గోడ మీద వేలు పెట్టి, "నాను ఇక్కడ నిలబడ్డాను," అంటాడు. బంధువులకి, పాలవాడికి, గ్యాసు సిలిండరు తెచ్చినవాడికి, నా పిల్లలకి వందసార్లు. అలా పెట్టి పెట్టి అక్కడ గోడ మీద నల్లటి మచ్చ పడింది.

మొన్న ఇంటికి రంగులు వేయించాం. ఫోటోలు దింపి గోడ గీకుతున్న రంగులవాడు ఆ మచ్చ దగ్గర ఆగి, ఇది ఎంత రుద్దినా పోవడం లేదు, లప్పం పెట్టి కప్పేయనా అని హిందీలో అడిగాడు.

వద్దన్నాను. దాని చుట్టూ వేసుకుపొమ్మన్నాను. అక్కడ మా నాన్న ఉన్నాడని చెప్పాను.